ఎల్విరా అన్న మాటలో సగం

సారిమాకి,
జనవరి 28

తమ్ముడు ఔలిస్‌కు,

నీ ఫారాలు అందాయి. లెక్కపెట్టాను, నలభై ఉన్నాయి. వారానికి ఒకటి చొప్పున చూస్తే, యుద్ధం వచ్చే చలికాలం దాకా సాగుతుందని మీ ఆఫీసు అంచనా అన్నమాట. పోస్టు బండివాడు సీలు వేసిన సంచీ తెచ్చి నా దుకాణంలో అందరి ముందూ బల్లమీద పెట్టి, "ఇదిగో హిల్యా, రాజధాని నుంచి. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటున్నారో రాసి పంపాలట" అన్నాడు. ఇదీ మీ రహస్య పరిశీలకుల ఏర్పాటు.

ఫారం మీద ఏముందో నువ్వే రాసి ఉంటావు కాబట్టి నీకు తెలుసు. "ఈ వారం మీ ఊరివారు మాట్లాడుకున్న ఐదు మాటలు, విన్నవి విన్నట్టు, సొంత అభిప్రాయం కలపకుండా రాయండి." ఔలిస్, నువ్వు పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడ వారానికి ఐదు మాటలు మాట్లాడే మనిషి ఎవరో ఒక్క పేరు చెప్పు చూద్దాం. నిన్న తవెత్తి మామ వచ్చి ఉప్పు చేపలు తీసుకుని, పొయ్యి దగ్గర అరగంట నిలబడ్డాడు. సరే, ప్రభుత్వం పని కదా అని అడిగాను.

"మామా, యుద్ధం సంగతి ఏమనుకుంటున్నావు?"

నన్ను తేరిపార చూశాడు. "రాసి పంపడానికా?"

"అవును."

"అయితే ఏమీ అనుకోవడం లేదని రాయి." తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ వారం నా పంట అంతే. అదే రాసి పంపుతున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. వసంతానికి విత్తనాలు రావాలంటే ఫిబ్రవరి పదిలోగా నేను జిల్లా గిడ్డంగికి రాయాలి. రైతులు నోరు తెరిచి అడగరు. దుకాణంలోకి వచ్చి, పోయినేడు బస్తాలు పేర్చిన మూల వైపు ఒకసారి చూసి వెళ్తారు. గాలి దక్షిణం నుంచి వీస్తే ఫిరంగుల మోత కిటికీ అద్దాల్లో తెలుస్తోంది. ఎల్విరక్క ఇద్దరు కొడుకులూ, ఓన్ని, ఉర్హో, అక్కడే ఉన్నారు. నువ్వు అధ్యక్షుడి ఆఫీసులో పనిచేస్తున్నావు. ఈ వసంతంలో మేం ఇక్కడ విత్తుతామా, లేదా? ఆ ఒక్కటి చెప్పు చాలు.

మీ అక్క,
హిల్యా


రాజధాని,
ఫిబ్రవరి 3

అక్కా,

నీ ఫారం చూసి గదిలో అందరం నవ్వాం. నవ్వి చాలా రోజులైంది. తవెత్తి మామ మాటను విన్నది విన్నట్టే ఎక్కించాం.

మా పని ఎలా ఉందో అడక్కు, తల ప్రాణం తోకకొస్తోంది. అధ్యక్షుడు హార్మాయ మంచివాడు, అదే మా కష్టం. చెడ్డవాడైతే తనకు తోచింది చేసి పారేసేవాడు. ఈయన పొద్దున్నే గంజి తాగుతూ, యుద్ధరంగం నుంచి వచ్చిన టెలిగ్రాముల కన్నా ముందు మా నివేదికలు చదువుతాడు. "ప్రజలు ఏమంటున్నారు?" అని కనబడ్డ ప్రతివాణ్ణీ అడుగుతాడు. కారు నడిపేవాణ్ణి అడుగుతాడు, కోటు తొడిగేవాణ్ణి అడుగుతాడు. మొన్న గడ్డం గీసేవాణ్ణి అడిగాడట. దేశాధ్యక్షుడి గొంతు మీద కత్తి పెట్టి నిలబడ్డవాడు ఏం చెబుతాడు? "ప్రజలు చాలా గట్టిగా ఉన్నారండీ" అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికి మా గదికి ఆదేశంగా వచ్చింది, పత్రికల్లో స్వరం ఇంకొంచెం పెంచమని.

పోయిన నెలలో ఆయన కోసం మూడు ప్రసంగాలు రాశాను. మూడూ పొయ్యిలోకి వెళ్ళాయి. మూడో దానిలో నా తప్పల్లా "ముందు ముందు కష్టమైన నిర్ణయాలు రావచ్చు" అని ఒక్క వాక్యం పెట్టడమే. మా పైఅధికారి లిండ్‌రూస్ దాని కింద ఎర్ర పెన్సిలుతో గీసి, "ఈ వాక్యం విని ఒక సైనికుడు తుపాకి దించితే బాధ్యత నీదా?" అని అడిగాడు.

విత్తనాలు తెప్పించు. ఎప్పటిలాగే తెప్పించు. సరిహద్దు పల్లెలు విత్తనాలు అడగడం మానేస్తే ఆ వార్త గాలి కన్నా వేగంగా పాకుతుంది.

ఈ ఉత్తరాలు ఆఫీసు సంచీలో వస్తాయి, దారిలో ఎవరూ విప్పరు. నువ్వు కూడా అందులోనే పంపు.

తమ్ముడు,
ఔలిస్


సారిమాకి,
ఫిబ్రవరి 11

ఔలిస్‌కు,

విత్తనాలకు రాశాను. నేను అడిగింది విత్తుతామా అని. నువ్వు చెప్పింది తెప్పించమని. ఈ రెండూ ఒకటి కావని నాకు తెలియక కాదు, నీ మాట మీద గౌరవంతో రాశాను.

ఇక ఇది చూడు. గురువారం పత్రికలో మా ఊరి పేరు పడింది. "ఉక్కు పల్లె సారిమాకి" అని ఇంత లావు అక్షరాల్లో. "రెండు వారాలుగా ఒక్క సణుగుడు వినిపించని సరిహద్దు పల్లె. శత్రువు ఫిరంగుల నీడలో చెక్కుచెదరని మనసులు." ఎవరయ్యా రాసింది? తవెత్తి మామ అన్న ఆ ఒక్క ముక్క తప్పిస్తే నేను పంపిన ఫారాల్లో ఏముంది? "ఎవరూ ఏమీ అనలేదు." అంతే ఉంది. ఐదు గీతల మీదా అదే రాసి పంపాను.

ఎందుకు అనలేదో నీకు తెలియదా? చర్చిలో పాస్టరు యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఆరు చదివాడు. నువ్వు బడిలో పక్కన కూర్చున్నవాళ్ళే ఇద్దరు ఉన్నారు అందులో. జనం లేచి, టోపీలు పెట్టుకుని, ఇళ్ళకు వెళ్ళారు. మీ బావ పోయినప్పుడు నువ్వు వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నావు. ఊరంతా వచ్చి బల్లల మీద కూర్చుని పోయింది. ఒక్కరైనా మాట్లాడారా? అప్పుడు నువ్వు దాన్ని ఉక్కు అన్నావా?

ఆ పత్రికను తవెత్తి మామ దుకాణంలో నిలబడి చివరిదాకా చదివి, మడిచి నాకిచ్చి, "నేను ఉక్కునని నాకే తెలియలేదు" అన్నాడు. ఈ చలికాలంలో అతను మాట్లాడిన అతి పెద్ద మాట అదే. ఫారంలో రాశాను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

నాకు చిరాకు తెప్పిస్తున్నది పత్రిక కాదు, నువ్వు. ఏదో జరుగుతోంది. నీ ఉత్తరంలో ఎక్కడా అబద్ధం లేదు, నిజమూ లేదు. పడవల రేవు దగ్గర నుంచి అవతలి ఒడ్డుకు సరస్సు మీద మంచుదారి ఇప్పుడు రాయిలా ఉంది. పోవలసి వస్తే పిల్లా జెల్లా, పశువులూ అన్నీ ఒక్క రోజులో దాటేస్తాం. మార్చి మొదటి వారం పోయాక సరస్సు సన్నబడే ఇరుకు దగ్గర అడుగు ప్రవాహం మంచును పైకి తంతుంది, దాన్ని నమ్మలేం. నువ్వు ఆ మంచు మీద పెరిగినవాడివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

హిల్యా


రాజధాని,
ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిట్టినంత తిట్టావు, సరే. నీకు ఒక సంగతి చెబుతాను. ఇది రహస్యం కూడా కాదు, ఒట్టి తెలివితక్కువతనం.

మా దగ్గర నివేదికలు ఎక్కించే పెద్ద కాగితం ఉంటుంది. దానికి మూడు గడులు. గట్టిగా ఉన్నారు, ఊగుతున్నారు, సణుగుతున్నారు. మొదటి వారమే గుమాస్తా అమ్మాయి వచ్చి అడిగింది, "సార్, 'ఎవరూ ఏమీ అనలేదు' అని రాశారు, ఎక్కడ వేయను?" లిండ్‌రూస్ తల ఎత్తకుండానే, "సణగడం లేదు కదా? ఊగడం లేదు కదా? మరి మిగిలింది ఏది?" అన్నాడు. రెండు వందల పన్నెండు ఊళ్ళ నుంచి ఫారాలు వస్తాయి. నూట తొంభై ఊళ్ళు ఏమీ అనలేదు. మన జనం సంగతి నీకు తెలిసిందే, లిండ్‌రూస్ పట్నంలో పుట్టాడు. అలా దేశంలో పదిమందిలో తొమ్మిదిమంది ఉక్కు అయిపోయారు.

అది చూసి హార్మాయ తల పట్టుకుంటాడు. "ఇంత గట్టిగా ఉన్న ప్రజలకు నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంటాడు. ఏం చెప్పాలనేది నన్ను అడక్కు. అందుకని పత్రికల్లో ఇంకా గట్టిగా రాయిస్తాం. అది చదివిన ఊళ్ళు, పక్క ఊరు ఉక్కుట, మనం నోరెత్తితే బాగోదు అని ఇంకా నోరు మూసుకుంటాయి. ఆ మౌనం మళ్ళీ మా దగ్గరికి వస్తుంది, మళ్ళీ మొదటి గడిలోకి పోతుంది. నేను రెండుసార్లు నోరు తెరిచి చెప్పాను. రెండోసారి లిండ్‌రూస్, "నీ సొంత ఊరు మీద బెంగతో మాట్లాడుతున్నావు" అన్నాడు. తరవాత నేను మాట్లాడలేదు.

చెప్పకూడనిది నీకు చెప్పడం లేదు. అడగకూడనిది మాత్రం అడుగుతున్నాను. నీ ఊళ్ళో ఎవరినైనా సూటిగా ఒక ప్రశ్న అడుగు. శాంతి రావాలంటే ఊరు వదులుకోవాలి అంటే ఏమంటారు? ఎవరో ఒకరు మాటల్లో జవాబు చెప్పాలి. మాటలుంటే గడిలో పెట్టడానికి వీల్లేదు, అప్పుడు కాగితం పైకి వెళ్ళి తీరుతుంది.

ఔలిస్


సారిమాకి,
ఫిబ్రవరి 25

తమ్ముడూ,

నీ ప్రశ్న చదివాను. అడిగావంటేనే జవాబు తెలిసిపోయింది.

దుకాణంలో అడగలేను. నిన్న శనివారం ఆవిరిగదిలో అడిగాను. అయిదుగురు ఆడవాళ్ళం ఉన్నాం. చీకట్లో, ఒంటి మీద ఏమీ లేకుండా కూర్చున్నచోట ఎవరూ ఎవరికీ ఉక్కు కారు. "శాంతి రావాలంటే మన ఊరు ఇచ్చేయాలంటే ఏమంటారు? పైకి రాసి పంపాలి" అన్నాను. ముందే చెప్పేశాను, మోసం చెయ్యలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. రాళ్ళ మీద నీళ్ళు పోశారు. మళ్ళీ పోశారు. ఇక లేచి పోతారేమో అనుకున్నాను. అప్పుడు పైమెట్టు మీద నుంచి ఎల్విరక్క మాట్లాడింది.

"ఊరు పోతే పోనీ, పిల్లలు రానీ. కానీ హిల్యా, మంచుదారి గట్టిగా ఉండగానే చెప్పమను. ముసలాళ్ళూ పసివాళ్ళూ గొడ్లూ, అందరం ఒక్క రోజులో దాటిపోతాం. మంచు పోయాక చెబితే నాలుగు రోజుల చుట్టుదారి. అందులో ఎంతమంది మిగులుతారు? ఇంకో సంగతి. ఇచ్చేసేదే అయితే ఇవాళే ఇచ్చెయ్యమను. రేపిచ్చినా పోయేది అదే ఊరు, ఈలోపు పోయేది మన పిల్లలు."

కాసేపటికి మిగతా ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు, "నాదీ అదే మాట" అన్నారు. బట్టలు కట్టుకుంటుంటే ఎల్విరక్క, "నా పేరు రాయి, దాచక్కర్లేదు" అంది. ఓన్ని నుంచి ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైందట. ఉర్హో కాలికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు తనకు బెంగ ఒక్కడి మీదే అని, ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడింది.

ఫారం మీద గీత చిన్నది. మొదటి వాక్యమే ముందువైపు పట్టింది, మిగతాది వెనకవైపు రాశాను. కాగితం తిప్పి చూడమని మీవాళ్ళకు చెప్పు.

మేం చెప్పేశాం ఔలిస్. ఇప్పుడు చెప్పాల్సింది మీరు.

అక్క


రాజధాని,
మార్చి 5

ప్రియమైన అక్కకు,

మీ నివేదిక అందింది. చాలా విలువైనదిగా గుర్తించబడింది. ప్రస్తుతం సంబంధిత స్థాయిలో పరిశీలనలో ఉంది. తగిన సమయంలో తగిన విధంగా సమాచారం తెలియజేయబడుతుంది. ఈలోగా పుకార్లకు తావివ్వకుండా రోజువారీ పనులు కొనసాగించవలసిందిగా కోరుతున్నాము.

ఇక్కడ చలి కొంచెం తగ్గింది.

ఔలిస్


సారిమాకి,
మార్చి 8

ఔలిస్‌కు,

సంబంధిత స్థాయి అంటే ఏది? ఎవరింటి మేడ మీద ఉంటుంది? "గుర్తించబడింది", "తెలియజేయబడుతుంది". నీకు చెప్పులు తొడుక్కోవడం నేర్పింది నేను. నాకు ఇలాంటి ఉత్తరం రాయడానికి నీకు చెయ్యెలా ఆడింది? నీ వెనకాల ఎవరైనా నిలబడి రాయించారా? అలా అయితే తరవాత ఇంకో ముక్క రాయొచ్చుగా. నిన్నంతా చూశాను.

విత్తనాలు వచ్చాయి. డెబ్బై బస్తాలు. రైతులు మంచుబండ్లు కట్టుకుని వచ్చి తీసుకుపోయారు. ఈ చలికాలంలో మొదటిసారి మొహాల్లో కళ చూశాను. "మీ తమ్ముడు తెప్పించమన్నాడటగా?" అని అడిగాడు తవెత్తి మామ. అవునన్నాను. "అయితే మనది మనకే ఉంటుంది" అని బస్తా భుజాన వేసుకుని పోయాడు. నేను ఆవిరిగదిలో విన్నదీ, అడిగిందీ గొంతులో పెట్టుకుని నిలబడ్డాను. ఏం చెప్పను? నాకు ఎవరూ ఏమీ చెప్పలేదే.

నిన్నటి నుంచి ఇరుకు దగ్గర మంచు మీదికి నీళ్ళు వచ్చాయి. కట్టెల బండి గుర్రం కాలు మోకాలి దాకా దిగింది.

పెద్ద ఉత్తరం వద్దు, ప్రసంగం వద్దు. ఒక్క కార్డు ముక్క మీద "కదలండి" అని రాయి. లేదా "కదలకండి" అని రాయి.

హిల్యా


రాజధాని,
మార్చి 12, సాయంత్రం

అక్కా, మా అక్కా,

అయిపోయింది. సరిహద్దు ఊళ్ళు ఇచ్చేసి శాంతికి సంతకం పెట్టాం, నువ్వూ రేడియోలో వినే ఉంటావు. అయిదు రోజులుగా బట్టలు మార్చుకోలేదు. బల్ల మీదే తల పెట్టి నిద్రపోయాను. ఇక్కడ జెండాలు సగానికి దించారు. జనం వీధుల్లో ఆగి విన్నారు, ఏడ్చారు, ఇళ్ళకు వెళ్ళారు. ఒక్క కిటికీ పగలలేదు. ఒక్క రాయి పడలేదు. సైన్యంలో ఎక్కడా గొడవ లేదు. లిండ్‌రూస్ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

అంతా ఎల్విరక్క మాట వల్లే. ప్రసంగంలో అది వచ్చినచోట హార్మాయగారి గొంతు నిజంగానే పూడుకుపోయింది, అది మేం రాసింది కాదు. "సరిహద్దు పల్లె సారిమాకిలో ఒక తల్లి నాకు కబురు పంపింది. ఊరు పోతే పోనీ, పిల్లలు రానీ అంది. అంత పెద్ద మనసు ముందు నేను తల వంచుతున్నాను." అది వినగానే మా గదిలో గుమాస్తా అమ్మాయి ఏడ్చేసింది. దేశం మొత్తానికి కోపం అణిగిపోయింది. ఊరు పోగొట్టుకుంటున్నవాళ్ళే ఒప్పుకున్నాక ఇంకెవరు కాదంటారు?

ఆ అయిదో తేదీ ఉత్తరానికి క్షమించు. చెప్పడానికి వీల్లేని రోజులవి. ఖాళీ చేయడానికి పది రోజులు గడువు ఇచ్చారు, లారీలు వస్తాయి. ఇక్కడికే రా. నా గదిలో రెండో మంచం వేయించాను.

నీ తమ్ముడు


ఇస్తలా, బడి భవనం,
మార్చి 21

ఔలిస్‌కు,

నీ ఉత్తరం మూడు ఊళ్ళు తిరిగి, మా ఊరివాళ్ళం తలదాచుకున్న ఈ బడిలో దొరికింది. నీ గదికి రాను. రెండో మంచం తీసేయించు.

పన్నెండో తేదీ మధ్యాహ్నం రేడియో దుకాణంలోనే పెట్టాను. ఊరంతా నిలబడే ఉంది. ఎల్విరక్క తలుపు దగ్గర ఉంది. తన మాట వచ్చినప్పుడు అందరూ తల తిప్పి ఆమెను చూశారు. ఆమె రేడియోను చూస్తోంది, ఇంకా ఏదో రావాలన్నట్టు. పాట వేశారు. అప్పుడు అడిగింది, "మిగతాది చదవలేదేం హిల్యా?"

వెనకవైపు రాశానని చెప్పాను.

"ఊరు అమ్మింది నువ్వన్నమాట" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎల్విరక్క వాళ్ళ వైపు తిరగలేదు. అన్నవాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు విన్నది అంతే మరి.

లారీలు రాలేదు. సైన్యం వెనక్కి వస్తున్న దారిలోనే మేమూ పడ్డాం. ఇరుకు దగ్గర మంచు తెరుచుకుపోయింది, చుట్టుదారిలో అయిదు రోజులు. తవెత్తి మామ విత్తనాల బస్తాలు ఎద్దు బండికి ఎక్కించాడు. రెండో రోజు నడవలేని ఒక ముసలామెను ఎక్కించుకోవడానికి బస్తాలు దించి కందకంలో పెట్టాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నన్ను కూడా అనలేదు. అంటే బాగుండేది. సగం పశువులు దారిలో పోయాయి. పసిబిడ్డలు ఇద్దరు పోయారు, పేర్లు నీకు తెలియవు, నువ్వు వెళ్ళాక పుట్టినవాళ్ళు.

పదమూడో తేదీ పొద్దున, ఎల్విరక్క ఇంటి సామాను కడుతున్నప్పుడు పాస్టరు వచ్చాడు. ఓన్ని పోయాడు. తొమ్మిదో తేదీన. ఎల్విరక్క కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. పక్కింటి రేడియోలో ప్రసంగం మళ్ళీ వేశారు, పిల్లలు రానీ అని అధ్యక్షుడు రెండోసారి చెప్పాడు. నేను లేచి వెళ్ళి దాన్ని ఆపించాను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఎల్విరక్క నన్ను ఒక్కటే అడిగింది.

"నేనన్న మాట ఆయన ఏ రోజున చదివాడు?"

"తెలియదు" అన్నాను.

"మీ తమ్ముడికి తెలుస్తుందిగా?"

నాకు ఓదార్పు రాయొద్దు. ఎందుకు, ఎలా అని రాయొద్దు. ఈ పిచ్చిపనికి ఎవరెవరు ఎంతెంత బాధపడ్డారో నాకు అక్కర్లేదు, విని విని చెవులు వాచిపోయాయి. ఆమె తేదీ అడిగింది. తేదీ రాయి.

హిల్యా


రాజధాని,
మార్చి 26

అక్కా,

మార్చి ఒకటో తేదీ, సాయంత్రం ఆరున్నర.

నేనే చేతికిచ్చాను. ముందువైపు చదివాడు. కాగితం తిప్పి వెనకవైపు కూడా చదివాడు, రెండుసార్లు. కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇక సంతకం పెట్టవచ్చు" అన్నాడు. శత్రువు షరతులు ఆ రోజుకే ఆయన బల్ల మీద ఉన్నాయి. ఆ తరవాత వాటిలో ఒక్క అక్షరం మారలేదు.

ప్రజలు గట్టిగా ఉన్నారని ఇన్నాళ్ళూ చెప్పి ఒక్కరోజులో దింపితే తట్టుకోలేరనీ, నెమ్మదిగా అలవాటు చేయాలనీ లిండ్‌రూస్ పదకొండు రోజులు అడిగాడు. అధ్యక్షుడు ఇచ్చాడు. ఏ రోజు పత్రికల్లో ఏ మాట తీసేయాలో, ఏ మాట పెట్టాలో పట్టిక వేసింది నేను. అది నా చేతిరాతే. వెనకవైపు వదిలేసి ముందువైపు మాత్రం ప్రసంగంలోకి ఎత్తిరాసింది కూడా నేనే.

ఎల్విరక్క అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. తొమ్మిదో తేదీ కాగితం తీసి చూశాను. యుద్ధ పటాన్ని పత్రికల మొదటి పేజీ నుంచి మూడో పేజీకి మార్చాలని ఆ రోజు పట్టికలో ఉంది. మూడో పేజీయా, నాలుగో పేజీయా అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా వాదించుకున్నాం. మూడు అనే ఖాయం చేశాం. ఆ రోజు ఇంకే పనీ చేయలేదు.

ఇది ఆమెకు చదివి వినిపించు. రెండు వైపులా చదువు.

ఔలిస్